ఎడమ చేతిలో కార్డ్, కుడి చేతిలో కాగితం

హైదరాబాద్‌లో కీబోర్డ్ వాయించేవాళ్లకు కొరత లేదు. రిసెప్షన్ ఆర్కెస్ట్రాలు, చర్చి క్వయర్లు, కృష్ణానగర్, యూసుఫ్‌గూడల్లో ఉంటూ రికార్డింగులకు వెళ్లేవాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీ బ్యాండ్లు, ఎటు చూసినా ఒక కీబోర్డ్ స్టాండ్ కనబడుతుంది. అందులో జాజ్‌నే కెరీర్‌గా పెట్టుకున్నవాళ్లు మాత్రం బహు తక్కువ. వేళ్ల వేగంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. తేడా రెండు చోట్ల వస్తుంది. పక్కవాడు సోలో వాయిస్తున్నప్పుడు మన ఎడమ చెయ్యి ఏం చేస్తోంది? మనం కట్టిన ట్యూన్ కాగితాల మీద ఎవరి పేరున ఉంది? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే మనిషి కెరీర్‌లో జవాబు దొరుకుతుంది కాబట్టి అమెరికన్ జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్‌ని పట్టుకుని చెబుతాను.

ఆయన 1940లో షికాగోలో పుట్టాడు. ఏడేళ్లకు పియానో మొదలుపెట్టి, పదకొండేళ్లకు షికాగో సింఫనీతో మోజార్ట్ కన్చెర్టోలో ఒక భాగం వాయించాడు. 1956లో అయోవాలోని గ్రినెల్ కాలేజీలో చేరాడు, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదవడానికి. ఈ మాట మన ఇళ్లలో గట్టిగా చదివి వినిపించొచ్చు. మధ్యలో అది వదిలేసి మ్యూజిక్ కంపోజిషన్‌కి మారాడన్న తర్వాతి మాట కాస్త మెల్లగా చదవండి. ఆ చదువు ఊరికే పోలేదు లెండి. ఆయన తరం పియానిస్టులు చాలామంది సింథసైజర్‌ని చూసి వెనకడుగు వేస్తే, ఈయన లోపల సర్క్యూట్ ఏం చేస్తోందో తెలుసుకుని మరీ వాడాడు.

జాజ్ మాత్రం ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. పియానిస్టు జార్జ్ షీరింగ్ లాంటివాళ్ల రికార్డులు విని, ఒక్కో పలుకూ కాగితం మీద రాసుకుని నేర్చుకున్నాడు. ఇవాళ్టికీ అంతకంటే దగ్గర దారి లేదు. పద్ధతి ఇది. ఒక సోలోలో ఎనిమిది బార్లు (తాళం కొలతలు) తీసుకోండి, అంతకు మించొద్దు. వేగం సగానికి తగ్గించండి. కీబోర్డ్ ముట్టుకోకుండా ముందు నోటితో పాడండి. పాడగలిగాక బేస్ లైన్ ఒక్కటే రాయండి, తర్వాత అన్నిటికంటే పైన వినబడే నోట్, చివర్లో నడుమ ఉన్నవి. యూట్యూబ్‌లో రంగు కడ్డీలు కీల మీద రాలిపడే వీడియోలు చూసి నేర్చుకుంటే వేళ్లకు ఆ ఒక్క పాటే వస్తుంది. చెవికి ఏమీ రాదు. మరుసటి రోజు శాక్సోఫోన్ వాయించేవాడు అదే ట్యూన్‌ని బి ఫ్లాట్‌లో అడిగితే ఆట అక్కడితో సరి.

శ్రుతి మాట వచ్చింది కాబట్టి ట్రాన్స్‌పోజ్ బటన్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. గాయని ఐదున్నర అంటే బటన్ నొక్కి సి మేజర్‌లోనే లాగించేయడం మన స్టేజీల మీద మామూలే. లైట్ మ్యూజిక్‌లో అది నడుస్తుంది, తప్పు పట్టను. జాజ్‌లో నడవదు. పాట మధ్యలోనే కీ మారుతూ ఉంటుంది. పైగా టెనార్ శాక్స్, ట్రంపెట్ వాళ్లు 'సి' అంటే మనకది బి ఫ్లాట్, ఆల్టో శాక్స్ వాళ్లు 'సి' అంటే మనకది ఇ ఫ్లాట్. రిహార్సల్‌లో ముందుగా అడగాల్సింది 'కాన్సర్ట్ కీ ఏది' అని, అంటే పియానో లెక్కలో ఏ శ్రుతి అని. పన్నెండు కీల సాధన నాలుగో స్వరం వరసన తిప్పండి: సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, జి ఫ్లాట్, బి, ఇ, ఎ, డి, జి. కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) పాటల్లో ఎక్కువగా కదిలేది ఆ దిశలోనే.

ఇక అసలు విషయం, ఎడమ చెయ్యి. 1963లో హాన్‌కాక్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్ క్వింటెట్‌లో (అయిదుగురి బృందంలో) చేరేటప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. 1968 దాకా అక్కడ ఆయన ముఖ్యమైన పని సోలోలు కాదు, సోలో వాయించేవాళ్ల వెనక కార్డులతో నిలబడటం. దాన్నే కాంపింగ్ అంటారు. రాన్ కార్టర్ బేస్, టోనీ విలియమ్స్ డ్రమ్స్ ఉన్నప్పుడు పియానో ప్రతి బీటూ నింపితే బ్యాండ్ ఊపిరాడక చస్తుంది. ఆ రికార్డింగుల్లో కొన్నిచోట్ల ఆయన బార్లకు బార్లు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మన దగ్గర కీబోర్డ్ అంటే స్ట్రింగ్స్ ప్యాడ్ మొదటి నుంచి చివరి దాకా పరిచి ఉంచాలన్న అలవాటు ఉంది. జాజ్‌లోకి రాగానే మానాల్సిన మొదటి అలవాటు అదే.

మొదటి మెట్టు షెల్ వాయిసింగ్. కార్డ్‌లో మూడో స్వరం, ఏడో స్వరం, అంతే. డి మైనర్ సెవెన్‌కి ఎఫ్–సి. జి సెవెన్‌కి ఎఫ్–బి. సి మేజర్ సెవెన్‌కి ఇ–బి. గమనించండి, ఎఫ్ కదలకుండా ఉంటే సి కాస్తా బి అయింది. తర్వాత బి అలాగే ఉండి ఎఫ్ కిందికి దిగి ఇ అయింది. ఒక్కో మార్పుకి ఒక్క వేలు, అదీ అరస్వరం దూరం. ఈ రెండు నోట్లతోనే ఏ పాటకైనా కార్డ్ నడక వినబడుతుంది. రూట్ (కార్డ్‌కి పేరిచ్చే స్వరం) వాయించకండి, అది బేస్ వాళ్లది.

రెండో మెట్టు నాలుగు నోట్ల రూట్‌లెస్ వాయిసింగ్. పియానిస్టు బిల్ ఎవన్స్ దీన్ని వాడుకలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు. డి మైనర్ నైన్: ఎఫ్–ఎ–సి–ఇ. జి థర్టీన్: ఎఫ్–ఎ–బి–ఇ. సి మేజర్ నైన్: ఇ–జి–బి–డి. మొదటి దాని నుంచి రెండోదానికి మారేది సి ఒక్కటే. చెయ్యి మిడిల్ సి (కీబోర్డ్ నడుమ ఉండే సి) కింద ఉన్న డి నుంచి, పైన ఉన్న ఎ లోపలే తిరగాలి. అంతకంటే కిందికి దిగితే మోత ముద్దకట్టి బేస్‌ని మింగేస్తుంది, పైకి పోతే పలచబడి సోలోకి అడ్డం పడుతుంది. కొన్ని కీలలో ఈ ఆకారం పరిధి దాటిపోతుంది. అప్పుడు తిరగేసిన రూపం వాడాలి: సి–ఇ–ఎఫ్–ఎ, బి–ఇ–ఎఫ్–ఎ, బి–డి–ఇ–జి. రెండు రూపాలూ పన్నెండు కీలలో చూడకుండా రావడానికి నెలలు పడుతుంది. వారంలో వస్తుందని చెప్పే కోర్సులకి డబ్బు కట్టకండి.

లయలో మనవాళ్లకో చిత్రమైన ఇబ్బంది ఉంది. ఏడు, అయిదు మన రక్తంలో ఉన్నాయి. మిశ్రచాపు, ఖండచాపు విన్న చెవికి బేసి కొలతలు భయపెట్టవు. మామూలు నాలుగు బీట్ల స్వింగ్ (ఒక బీట్‌లోని రెండు నోట్లలో మొదటిదాన్ని సాగదీసే జాజ్ నడక) దగ్గరే తడబాటు. స్వింగ్ అంటే తిశ్రం అనుకుని, ప్రతి జతనీ రెండు పాళ్లూ ఒక పాలుగా కొలిచి వాయిస్తారు. నెమ్మదిగా నడిచే పాటలో ఆ తేడా ఎక్కువగానే ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ రెండు నోట్లూ దాదాపు సమానమైపోతాయి. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఆ దెబ్బల్ని రెండో బీట్, నాలుగో బీట్ అనుకోండి. పాట 120లో నడుస్తుంది. మొదట్లో మూడు, నాలుగు బార్లకే తిరగబడి ఒకటి మీదికి వచ్చేస్తారు, అందరికీ అలాగే అవుతుంది. అది నిలబడ్డాక ఒకటో బీట్ మీద ఒక కార్డ్, రెండుకీ మూడుకీ నడుమ ఇంకో కార్డ్, పొట్టిగా తెంపి వాయించండి. దీన్ని చార్ల్‌స్టన్ లయ అంటారు, కాంపింగ్‌కి ఓనమాలు. సస్టెయిన్ పెడల్ మీంచి కాలు తీసేసి చెయ్యాలి. బ్యాండ్‌లో గిటారిస్టు కూడా ఉంటే ఎవరి సోలోకి ఎవరు కాంప్ చేస్తారో ముందే మాట్లాడుకోవాలి. ఇద్దరూ ఒకేసారి చేస్తే ఒకడి తొమ్మిదో స్వరం మీద ఇంకొకడి ఫ్లాట్ తొమ్మిది పడి చెవులు గింగురుమంటాయి.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లు గ్రహభేదం లెక్కతో మోడ్స్‌ని ఒక్క పూటలో అర్థం చేసుకోగలరు. శంకరాభరణంలో రిషభాన్ని షడ్జం చేస్తే ఖరహరప్రియ, గాంధారానికి తోడి, మధ్యమానికి కల్యాణి, పంచమానికి హరికాంభోజి, ధైవతానికి నటభైరవి. నిషాదం నుంచి మొదలుపెడితే పంచమం రాదు కాబట్టి మేళకర్త పుట్టదు. జాజ్ వాళ్లు దాన్ని లోక్రియన్ అని వాడుకుంటారు. అలాగే గౌరీమనోహరి స్వరాల్నే తిప్పితే నాలుగో చోట వాచస్పతి వస్తుంది, అదే లిడియన్ డామినెంట్. ఏడో చోట ఆల్టర్డ్ స్కేల్, అందులోనూ పంచమం ఉండదు. ఇంతవరకూ హాయి. చిక్కు ఎక్కడంటే, 'డి మైనర్ మీద ఖరహరప్రియ, జి సెవెన్ మీద హరికాంభోజి, సి మీద శంకరాభరణం' అని మూడు రాగాలు మార్చాననుకుంటారు. మూడింటిలోనూ ఉన్నవి అవే ఏడు తెల్ల కీలు! ఏమీ మారలేదు. వినేవాడికి కార్డ్ మారినట్టు తెలియాలంటే బలమైన బీట్ మీద ఆ కార్డ్ మూడో స్వరమో ఏడో స్వరమో తగలాలి. రాగంలో షడ్జం కదలదు, చుట్టూ తిరగడమే సొగసు. ఇక్కడ కాళ్ల కింద నేల రెండేసి బీట్లకు జరుగుతుంది.

వాయిద్యం దగ్గరికి వద్దాం. 1968లో మైల్స్ రికార్డింగ్‌కి వెళ్లిన హాన్‌కాక్‌కి మామూలు పియానో బదులు ఎలక్ట్రిక్ పియానో ఎదురైంది. అక్కణ్నుంచి ఆయన దారి మారింది. 1973లో వచ్చిన 'హెడ్ హంటర్స్' ఆల్బమ్‌లో ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో, హోనర్ క్లావినెట్, ఆర్ప్ ఒడిస్సీ సింథసైజర్ ఉన్నాయి. అందులోని పేరుమోసిన బేస్ లైన్ గిటార్ మీద కాదు, ఆ ఒడిస్సీ మీద వాయించిందే. ఇవాళ ఇవన్నీ ఒక ల్యాప్‌టాప్‌లో ఇమిడిపోతాయి. ఎలా పనిచేసేవో తెలియకపోతే మాత్రం ప్యాచ్ (ధ్వని ఎంపిక) మార్చినా చెయ్యి మారదు. రోడ్స్‌లో సుత్తి సన్నటి లోహపు కడ్డీని కొడుతుంది, పికప్ దాన్ని పట్టుకుంటుంది. అడుగున బరువెక్కువ, అందుకే ఎడమ చేతి కార్డ్ రెండు మూడు నోట్లకు కుదించాలి, మిక్సర్‌లో 250 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించాలి. హామండ్ ఆర్గన్ అయితే వేళ్ల బలానికి స్పందనే ఉండదు. గట్టిగా కొట్టడం దండగ, మెల్లగా చెయ్యడం హెచ్చుచెయ్యడం అంతా కాలి కింద ఎక్స్‌ప్రెషన్ పెడల్‌తోనే. మొదటి మూడు డ్రాబార్లు (ధ్వనిని మార్చే లాగుడు మీటలు) పూర్తిగా లాగి, మిగతా ఆరు మూసి, పర్కషన్ థర్డ్‌లో, కోరస్ సి-3లో పెడితే జాజ్ ఆర్గనిస్టు జిమ్మీ స్మిత్ పోకడ ధ్వని వస్తుంది.

కొత్తగా కొనేవాళ్లు 88 కీలు, హామర్ యాక్షన్ (పియానోలా బరువున్న కీలు) ఉన్నదే చూడండి. రిథమ్ స్టైల్స్ నిండిన అరేంజర్ కీబోర్డ్ మీద జాజ్ స్పర్శ అలవడదు. యమహా పి-45, రోలాండ్ ఎఫ్‌పి-10 లాంటివి పన్నెండు కిలోల అటూ ఇటూ, ఆటోలో పట్టుకుపోవచ్చు. కాకపోతే రెండింటికీ లైన్ అవుట్ లేదు, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచే లాగాలి. స్టీరియో పిన్ను రెండు మోనో పిన్నులుగా చీల్చే కేబుల్, రెండు ఛానెళ్ల డీఐ బాక్స్ (కీబోర్డ్ సిగ్నల్‌ని మిక్సర్‌కి అనువుగా మార్చే పెట్టె) మన బ్యాగ్‌లోనే ఉండాలి, సౌండ్ వాళ్ల దగ్గర ఉంటుందనుకోవద్దు. ఫంక్షన్ హాళ్లలో స్పీకర్లు చాలావరకు మోనోలో నడుపుతారు. స్టీరియో పియానో ధ్వనిని అలా ఒకటి చేసినప్పుడు రెండు వైపుల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నడిమి సప్తకం డొల్లగా వినబడుతుంది. మోనో పియానో ప్యాచ్ ఉంటే అది వాడండి, లేదా ఎడమ అవుట్ ఒక్కటే ఇవ్వండి. జనరేటర్ మీద నడిచే చోట బుయ్‌మని హమ్ వస్తే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కాలి. ప్లగ్ ఎర్త్ పిన్ పీకేయడం ప్రాణాలతో చెలగాటం. ఇంకో చిన్న సంగతి: పవర్ ఆన్ చేసేటప్పుడు సస్టెయిన్ పెడల్ మీద కాలుంటే చాలా కీబోర్డులు పెడల్‌ని తిరగేసి అర్థం చేసుకుంటాయి, తొక్కితే ఆగి వదిలితే మోగుతుంది. కంగారుపడి పెడల్ మార్చక్కర్లేదు, ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు.

హైదరాబాద్‌లో ట్రియో కట్టాలంటే కష్టం బేస్ దగ్గర వస్తుంది. ముహూర్తాలున్న నెలల్లో ఉన్న కొద్దిమందీ పెళ్లిళ్లకు బుక్ అయిపోతారు. ఆషాఢంలో, మూఢాల్లో రిహార్సళ్లు పెట్టుకుంటే మనుషులు దొరుకుతారు. దొరకని రోజున కీబోర్డ్‌ని స్ప్లిట్ చేసి ఎడమ చేత్తో బేస్ నడపాలి, బీటుకొక నోట్. అప్పుడు ఎడమ చేతి కార్డులు పోతాయి కనక ఆ మూడు–ఏడు స్వరాలు కుడి చేతి అడుక్కి తెచ్చుకోవాలి. నలభై అయిదేసి నిమిషాల సెట్లు రెండు, సెట్‌కి ఏడెనిమిది ట్యూన్లు సరిపోతాయి. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి ఆరుబయటి చోట డ్రమ్మర్‌తో బ్రష్‌లు వాడించండి. బయట లౌడ్‌స్పీకర్ రాత్రి పదికల్లా ఆగాలన్నది చట్టం, కాబట్టి రెండో సెట్ తొమ్మిదికి ముందే మొదలవ్వాలి. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినోత్సవం. యునెస్కో 2011లో ప్రకటించింది, దాని వెనక చొరవ కూడా హాన్‌కాక్‌దే. మామూలు రోజుల్లో జాజ్ అంటే మొహం తిప్పుకునే వేదికలు ఆ తేదీకి ఒప్పుకుంటాయి. ఫిబ్రవరిలోనే అడిగి పెట్టుకోండి.

స్వరరచన అనగానే కార్డులు గుప్పించాలనుకుంటారు. 1965 నాటి హాన్‌కాక్ ట్యూన్ 'మెయిడెన్ వాయేజ్' చూడండి. ముప్పై రెండు బార్లు, కార్డులు మొత్తం నాలుగు, ఒక్కోటి నాలుగేసి బార్లు. డి మీద సస్పెండెడ్, ఎఫ్ మీద సస్పెండెడ్, అదే మళ్లీ. బ్రిడ్జ్‌లో (నడిమి భాగంలో) ఇ ఫ్లాట్ మీద సస్పెండెడ్, ఆపైన డి ఫ్లాట్ మైనర్, తర్వాత మొదటి భాగం. డి సస్ అంటే ఎడమ చేత్తో డి, కుడి చేత్తో ఎ మైనర్ సెవెన్. మూడో స్వరం లేకపోవడంతో కార్డ్ ఎటూ తీర్మానం చెప్పకుండా తేలుతూ ఉంటుంది, కట్టి పడేసేది ఆ లయ ఒక్కటే. ఈ ట్యూన్ మొదట ఒక సెంటు ప్రకటన కోసం కట్టింది. జింగిల్స్ చేసుకుని బతికే మన కంపోజర్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. ప్రకటనలో పడ్డ ట్యూన్ హక్కులు మన దగ్గరే ఉంటే దానికి రెండో జన్మ ఉంటుంది.

హక్కుల దగ్గర హాన్‌కాక్ తొలి అడుగే గట్టిగా పడింది. 1962లో బ్లూ నోట్ కంపెనీకి మొదటి ఆల్బమ్ చేస్తున్నప్పుడు, ట్యూన్ల పబ్లిషింగ్ హక్కులు ఆ కంపెనీకి రాసివ్వడం మామూలు ఆనవాయితీ. ట్రంపెటర్ డొనాల్డ్ బర్డ్ ముందే హెచ్చరించాడు, ఇవ్వొద్దని. హాన్‌కాక్ తన పబ్లిషింగ్ తన దగ్గరే ఉంచుకున్నాడు. అందులో పదహారు బార్ల బ్లూస్ 'వాటర్‌మెలన్ మ్యాన్' ఉంది. 1963లో మోంగో సాంటమరియా దాన్ని మళ్లీ వాయిస్తే అమెరికా పాప్ చార్టుల్లో పదో స్థానానికి ఎక్కింది. ఆ డబ్బుతో కుర్రాడు ఏకంగా కోబ్రా స్పోర్ట్స్ కారు కొన్నాడు. 1964లో రాసిన 'కాంటలూప్ ఐలండ్'ని 1993లో అస్3 అనే బృందం ర్యాప్ పాటకి ఆధారంగా వాడుకుంది. వాయించిన రాత్రికి ఫీజు ఒక్కసారే వస్తుంది, ట్యూన్ ముప్పై ఏళ్ల తర్వాత కూడా సంపాదించింది.

మన చట్టం కూడా 2012 సవరణ తర్వాత కంపోజర్ వైపే ఉంది, చదివేవాళ్లే తక్కువ. సినిమాలో వాడిన సంగీతానికి థియేటర్ ప్రదర్శన తప్ప మిగతా వాడకాల రాయల్టీలో సమాన వాటా కంపోజర్‌ది. ఆ వాటాని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడం కుదరదు, రాసిచ్చినా చెల్లదు. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే అని అర్థం. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే నిర్మాణ సంస్థలు 'శాశ్వతంగా, విశ్వమంతటా' అని రాయిస్తాయి. ఆ రెండు మాటలూ కనబడితే పెన్ను కింద పెట్టి బేరం మొదలుపెట్టండి. కంపోజర్ జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది.

చెయ్యాల్సిన పనులు ఖరీదైనవేం కావు. రిహార్సల్ అయిన రోజే వాటాల కాగితం రాసుకోండి: ట్యూన్ పేరు, తేదీ, ఎవరు ఏ భాగం కట్టారు, శాతాలు, అందరి సంతకాలు. బేస్ రిఫ్ ఇచ్చినవాడికి వాటా ఉందా లేదా అన్నది పాట హిట్టయ్యాక తేల్చుకుంటే స్నేహాలు తెగుతాయి. లీడ్ షీట్ మీద స్వరం, కార్డులు, వేగం, ఏయే వాయిద్యాలకో రాసి పీడీఎఫ్ చేసి పెట్టండి. కాపీరైట్ ఆఫీసులో ఫారం 14తో సంగీత రచనకి ఫీజు 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కి 2,000. దరఖాస్తు తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది, గొడవ వస్తే రుజువుకి ఇది పనికొస్తుంది. కంపోజర్‌గా ఐపీఆర్ఎస్‌లో (కంపోజర్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీలో) సభ్యత్వం తీసుకుని ప్రతి ట్యూనూ విడివిడిగా నమోదు చెయ్యాలి. సభ్యత్వం తీసుకుని ట్యూన్లు ఎక్కించనివాళ్లకి రూపాయి కూడా రాదు, ఎక్కువమంది పొరపాటు ఇక్కడే. వాయించినవాళ్ల వాటా వేరే సంగతి, దానికి ఐసమ్రా అనే సొసైటీ ఉంది. పాట ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే పన్నెండు అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఆ రికార్డింగ్‌దే, ట్యూన్‌ది కాదు. అదే ట్యూన్‌ని లైవ్‌లో మళ్లీ రికార్డ్ చేస్తే ఇంకో కోడ్ తీసుకోవాలి. పేరు స్పెల్లింగ్ మాత్రం అన్నిచోట్లా ఒకటే ఉంచండి. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక రాస్తే రెండు ఖాతాల మధ్య డబ్బు ఇరుక్కుంటుంది.